వెయ్యిన్ని నాలుగు దాకా

ముందు లెక్క వినిపించేది. మనిషి ఆ తర్వాత.

సినిమా హాలు టిక్కెట్ల గదికి సరిగ్గా నెత్తిన, ప్రొజెక్టర్లుండే కేబిన్‌లోకి ఎక్కే ఇనప మెట్లున్నాయి. ఆట వదిలాక ఆ మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలై, ఇంకా మూడు మెట్లుండగా ఆగిపోయేది. ఆగినచోట ఒక గొంతు, నిద్రలో నడుస్తున్నవాళ్ళకి దారి చెబుతున్నంత మెల్లగా, "వెయ్యిన్నొకటి... వెయ్యిన్ని రెండు... వెయ్యిన్ని మూడు... వెయ్యిన్ని నాలుగు" అనేది. వెంటనే ధబ్బుమనేది. గదిలో క్యాలెండరు ఊగేది. రబ్బరు స్టాంపు ఒరిగిపోయేది. పైకప్పు నుంచి సున్నం నలుసొకటి తొందరేమీ లేకుండా దిగి, లోపల టిక్కెట్లు చింపుతున్న మేనకోడలి జడ మీద వాలేది.

"దిగావా మామయ్యా?" అనేది ఆమె, జడ దులుపుకుంటూ.

కిటికీ ఊచల అవతల ఒక బొజ్జ, దాని పైన ఒక నవ్వు మొహం కనిపించేవి. ఆ మొహం పెదాలు కదిపి నాలుగు లెక్కపెట్టుకుని, "దిగాను," అనేది.

ఆ కేబిన్‌లో సినిమా ఆడించే గొడుగుల మామయ్యకి ఉన్న పిచ్చి ఇదొక్కటే. ఏ పని చెయ్యబోయినా, ఏ మాట అనబోయినా ముందు వెయ్యిన్నొకటి నుంచి వెయ్యిన్ని నాలుగు దాకా లెక్కపెడతాడు. మెట్లలో చివరి మూడూ దిగడు, దూకుతాడు. రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, గడ్డం ఛాతీకి ఆనించుకుని దూకుతాడు. వయసు యాభై ఎనిమిది.

"ఆ లెక్కెందుకు మామయ్యా?" అని మేనకోడలు ఎన్నిసార్లు అడిగిందో. జవాబెప్పుడూ ఒకటే.

"గొడుగు విచ్చుకోవద్దూ?"

హాల్లో టెలిఫోను మోగితే ఆయన ఎత్తి, చెవికి పెట్టుకుని, నాలుగు లెక్కపెట్టి అప్పుడు "హలో" అనేవాడు. ఈలోగా అవతలివాళ్ళు పెట్టేసేవాళ్ళు. ఆ హాలు ఫోను పాడైందని ఊళ్ళో సగంమంది నమ్మకం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "నోరు తెరవండి" అంటే నాలుగు లెక్కపెట్టి తెరిచాడు. పన్ను పీకాక "ఇక మూసుకోండి" అంటే మళ్ళీ నాలుగు లెక్కపెట్టబోయాడు. నోరు ఇంకా తెరిచే ఉందేమిటా అని డాక్టరు పక్కదాన్ని కూడా పీకేశాడు.

కూతురి పెళ్ళి మాటలకి అవతలివాళ్ళు వచ్చినప్పుడు సంగతి ఇంకా ఘోరం. కాబోయే వియ్యంకుడు గొంతు సవరించుకుని, "మరి మా వాడికి మీ అమ్మాయినిస్తారా?" అని అడిగాడు. మామయ్య కళ్ళు అరమూసుకున్నాడు. వెయ్యిన్ని రెండు దగ్గర వియ్యపురాలి మొహం మాడింది. వెయ్యిన్ని మూడు దగ్గర వియ్యంకుడు కుర్చీలోంచి లేచాడు. వెయ్యిన్ని నాలుగు తర్వాత మామయ్య "ఎందుకివ్వం, సంతోషంగా ఇస్తాం" అనేసరికి వాళ్ళు గుమ్మం దగ్గరున్నారు. అత్తయ్య వెనకాలే పరిగెత్తి, వీధి మలుపులో పట్టుకుని తీసుకొచ్చింది.

"మీ మామయ్యతో పోట్లాడ్డం ఉత్తరాల్లో పోట్లాడినట్టుంటుందే," అనేది అత్తయ్య. "ఈ తిట్టుకి జవాబొచ్చేసరికి నేను మూడో తిట్టులో ఉంటాను. ఏ జవాబు దేనిదో తెలియక చివరికి నవ్వొస్తుంది. నవ్వాక ఇంకేం పోట్లాడతాం."

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో లేదు. తొమ్మిదేళ్ళ కిందట హాల్లోకి గొడుగుల సినిమా వచ్చిన ఏడు పట్టింది.

అది పాత యుద్ధం సినిమా. సైనికులు విమానాల్లోంచి పారాచూట్లతో శత్రువుల దేశంలోకి దూకుతారు. ఊళ్ళో ఎవరి నోటా పారాచూట్ అనే మాట తిరగలేదు, గొడుగులు అన్నారు. సైనికుల పెదాలు ఒకటి అంటుంటే తెలుగు డబ్బింగు గొంతులు ఇంకొకటి అనేవి. రెండు వారాలు ఆడి వెళ్ళిపోవలసిన పెట్టెని పంపినవాళ్ళు మరిచిపోయారు. దాంతో ఎప్పుడైనా వానకి దారులు తెగి కొత్త సినిమా పెట్టె రాకపోతే ఆ రోజు గొడుగుల సినిమా వేసేవారు. వానలు బాగా పడే ఊరు కాబట్టి తొమ్మిదేళ్ళలో ఊరందరికీ ఆ సినిమా కంఠతా వచ్చేసింది. మీసాల సార్జెంటు కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చే దృశ్యంలో హాలంతా ఆయనతో కలిసి లెక్కపెట్టేది.

"దూకగానే లెక్కపెట్టండి. వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు, వెయ్యిన్ని నాలుగు. ఈలోగా విచ్చుకుంటుంది. విచ్చుకోకపోతే మాత్రం..." అని సార్జెంటు వేలెత్తుతాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద విమానం వెళుతుంది. మోతలో మిగతా మాట కొట్టుకుపోతుంది. విచ్చుకోకపోతే ఏం చెయ్యాలో ఆ సైనికులకి తెలిసిందేమో గానీ ఊరికి తెలియలేదు.

ఇక వాళ్ళు దూకే దృశ్యం. ముందు తెర మీద ఖాళీ ఆకాశం ఉంటుంది, ఇస్త్రీ చేసిన దుప్పటిలాగా. దాని మీద ఒక చుక్క పుడుతుంది. ఇంకో చుక్క. ఆ తర్వాత ఎవరో పైనుంచి దోసిలి విప్పినట్టు ఒకటొకటే తెల్లగా విచ్చుకుంటాయి. చప్పుడుండదు. పది, ఇరవై, వంద. ఆకాశం నిండా ఊపిరి తీసుకుంటున్న తెల్లటి ముద్దలు. వాటి కింద వేలాడుతున్న మనుషులు చేతిలో పని మరిచిపోయిన పిల్లల్లా కాళ్ళు ఊపుకుంటూ దిగుతుంటారు. ఆ కాసేపూ బెంచీల మీద కూర్చున్నవాళ్ళెవరికీ తమ బరువు తెలిసేది కాదు. గేటు మనిషి తలుపు దగ్గర పరదా పట్టుకుని నిలబడి, చెయ్యి వదిలేస్తే తనూ పైకి లేస్తాడేమోనన్నట్టు చూసేవాడు.

అసలు గొడవ ఆరో రీల్లో ఉంది.

అందరికన్నా చిన్న సైనికుడు, తలకన్నా టోపీ పెద్దదైన కుర్రాడు, అందరికన్నా చివర దూకుతాడు. వాడి గొడుగు విచ్చుకోదు. వీపు వెనక ఒక గుడ్డ తాడులాగా మెలిపడి లేస్తుంది. వాడు పడుతుంటాడు. విమానం గుమ్మంలో సార్జెంటు మొహం. అంతే, తెర మీద చీకటి.

సరిగ్గా నాలుగు క్షణాలు. బొమ్మ ఉండదు గానీ శబ్దముంటుంది. ముందు గాలి ఈల. తర్వాత ఢాం అని నీళ్ళ చప్పుడు. వెంటనే నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి కెవ్వుమన్నట్టు గోల. మళ్ళీ వెలుగు వచ్చేసరికి సార్జెంటు లారీ మెట్టు మీద తల వంచుకుని కూర్చుని, ఆ కుర్రాడి టోపీని రెండు చేతులతో నలుపుతూ ఉంటాడు. భుజాలు కదులుతుంటాయి. ఆ తర్వాతి రీళ్ళన్నీ యుద్ధం, పొగ, మొహాల నిండా మసి. అందులో ఎవరు ఎవరో కన్నతల్లికి కూడా తెలియదు.

ఆ నాలుగు క్షణాల గురించి తొమ్మిదేళ్ళు ఊళ్ళో చర్చ జరిగింది. సెలూన్ ఆయన వాదన ఒకటే. "నీళ్ళ చప్పుడు విన్నారా? ఆడవాళ్ళ గోల విన్నారా? ఇంకా అర్థం కాలేదా? చెరువులో స్నానాలు చేస్తున్నారండీ. కుర్రాడు పోయి పోయి వాళ్ళ మధ్య పడ్డాడు. సెన్సారు పెద్దవాళ్ళు అది మనకి చూపించరు." ఈ వాదన బలపడ్డాక గొడుగుల సినిమాకి జనం పెరిగారు. ఏదో ఒక ఆటలో పొరపాటునైనా ఆ ముక్క పడకపోతుందా అని ముందు వరస బెంచీల కోసం తోసుకునేవాళ్ళు. సబ్బులమ్మే ఏజెంటొకాయన, వేరే ఊళ్ళో ఆ ముక్క కళ్ళారా చూశానని చెప్పుకుని తిరిగేవాడు. టీ తాగించినవాళ్ళకి కథ చెప్పేవాడు. ఒక టీకి ముద్దు, రెండు టీలకి స్నానం.

గేటు మనిషినడిగితే, "పైన ఆయన్నడగండి," అనేవాడు. పైన ఆయన్నడిగితే ఠక్కున, "అక్కడ రీలుకి అతుకుంది," అనేవాడు. మేనకోడలూ అదే అనుకుంది. పాత రీలు, తెగింది, అతికించారు.

ఆ సినిమా వేసిన ప్రతిసారీ మాట్నీకి తప్పకుండా వచ్చే మనిషి ఇంకొకరున్నారు. మేనకోడలి అమ్మ, అంటే మామయ్యకి అక్క. దర్జీ దుకాణానికి చొక్కాల కాజాలు కుడుతుంది. రోజుకి వంద కాజాలు. చేతివేళ్ళ చివర్లు సూది పోట్లతో జల్లెడలా ఉండేవి. బెంచీల చివర స్తంభం పక్క సీటు ఆమెది. ఆమె సినిమా చూసేది కథ కోసం కాదు, కుట్ల కోసం. "ఆ బట్ట మడతలు ఎవరు పెడతారో. ఆ తాళ్ళ దగ్గర రెండు వరసలు వేశారో ఒకటేనో," అని ఇంటికెళ్ళేదాకా అదే మాట.

ఎందుకంటే ఆమె చిన్నకొడుకు చేసేది ఆ పనే. ఇంటి పైకప్పు మీదనుంచి, గోడల మీదనుంచి, ఆఖరికి ఈ కేబిన్ మెట్ల మీదనుంచి దూకి దూకి పెద్దవాడైనవాడు, పంతొమ్మిదో ఏట సైన్యంలో గొడుగుల దళంలో చేరాడు. "నేల మీద ఉద్యోగాలన్నీ అయిపోయాయట్రా?" అని అమ్మ అడిగింది. వాడు నవ్వి, పెట్టె సర్దుకున్నాడు. వాడు వెళ్ళిన నాలుగు నెలలకే ఆ సినిమా వచ్చింది. వాడు చేసే పనేదో అందులో చూపిస్తారటని అమ్మ మొదటి ఆటకే వెళ్ళి కూర్చుంది.

పదిహేను రోజులకొకసారి వాడి ఉత్తరం హాలు చిరునామాకి వచ్చేది. కాజాల సంచితో అమ్మ టిక్కెట్ల గదిలో కూర్చునేది. మేనకోడలు చదివేది. తిండి గురించి, పక్క మంచంవాడి గురక గురించి, కాలికి సరిపోని బూట్ల గురించి ఉండేది. చివరి వాక్యం మాత్రం ఎప్పుడూ మారేది కాదు. "నాలుగు లెక్కపెట్టాను, విచ్చుకుంది." ఆ వాక్యం చదివే వేళకి పైన ఇనప మెట్ల మీద ఎవరో కదలకుండా నిలబడి ఉన్నట్టనిపించేది. ఎవరు నిలబడతారు, మామయ్యే, లెక్కపెట్టుకుంటూ అయ్యుంటాడు.

ఈ ఏడు వానల్లో ఉత్తరం రాలేదు. ఒక పదిహేను రోజులు గడిచాయి. రెండో పదిహేను గడిచాయి. ఏడు వారాలైంది. అమ్మ దర్జీకిచ్చిన చొక్కాల్లో కాజాలు బొత్తాలకన్నా పెద్దవి రావడం మొదలైంది. మామయ్య లెక్క కూడా ముదిరింది. ఇదివరకు భోజనానికి ముందొకసారి లెక్కపెట్టేవాడు, ఇప్పుడు ముద్దముద్దకీ. "ఈయన పొద్దున్న తినడం మొదలుపెడితే రాత్రి అన్నంలో కలిసిపోతోందే," అని అత్తయ్య గోల. మెట్ల కింద ధబ్బుమనే చప్పుడుకి గదిలో క్యాలెండరు రెండుసార్లు మేకు ఊడి పడింది.

అలాంటి రోజుల్లో వంతెన మీదకి నీళ్ళొచ్చి కొత్త పెట్టె ఆగిపోయింది. బోర్డు మీద మళ్ళీ గొడుగుల సినిమా పెట్టారు.

మాట్నీకి గంట ముందు అమ్మ టిక్కెట్ల కిటికీ ముందు నిలబడింది. వాన తుంపర ఆమె కళ్ళజోడు మీద ముత్యాల్లా నిలిచింది.

"ఒక బెంచీ టిక్కెట్టియ్యి."

"నీకు టిక్కెట్టేమిటమ్మా, వెళ్ళి కూర్చో."

"ఊరికే కూర్చునేవాళ్ళకి అడిగే నోరుండదు. టిక్కెట్టు కొన్నదాన్నయితే ఆపరేటర్ని నిలదీస్తాను. ఇయ్యి."

ఇచ్చింది. అమ్మ టిక్కెట్టు కొంగున ముడివేసుకుని, ఎప్పుడూ ఎక్కనిది, ఇనప మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మెట్టుకోసారి మోకాళ్ళు పట్టుకుని ఆగుతూ ఎక్కింది. మేనకోడలు గదికి తాళం వేసి వెనకాలే వెళ్ళింది.

కేబిన్ వెచ్చగా, చీకటిగా, ప్రొజెక్టరు దీపంలో కాలిన కార్బన్ కడ్డీల వాసనతో, పెద్ద జంతువొకటి నిద్రపోతున్న గుహలా ఉంది. రెండు మెషీన్లు, వాటి ముందు గోడలో రెండు చదరపు కన్నాలు. వెలుగు ఆ కన్నాల్లోంచే హాల్లోకి వెళుతుంది. మామయ్య బల్ల దగ్గర రీలు చుడుతున్నాడు. అక్కని చూసి రీలు వదిలేసి లేచాడు.

"ఏరా, ఇవాళ ఆరో రీల్లో నీ చెయ్యి తియ్యాలి," అంది అమ్మ.

మామయ్య లెక్కపెట్టలేదు. "చెయ్యేమిటక్కా, అక్కడ రీలుకి అతుకుంది."

"నిజం చెప్పేటప్పుడు నాలుగు లెక్కపెడతావు. అబద్ధమైతే ఠక్కున వస్తుంది. చిన్నప్పట్నుంచీ నీ అబద్ధాలకి తొందరెక్కువ. కుడి చెయ్యిరా. చీకటి పడేముందు తెర మీద వేళ్ళ నీడ పడుతుంది. ఆమధ్య నీకు గోరుచుట్టు లేచినప్పుడు ఒక వేలు లావుగా పడింది."

మేనకోడలు మామయ్య వైపు చూసింది. ఆయన కుడి చెయ్యి దొంగలా జేబులోకి వెళ్ళిపోతోంది.

"అంటే అతుకు లేదా?" అంది.

ఈసారి నాలుగు లెక్కపెట్టాడు. "లేదే. మొదటి రోజు పెట్టె ఆలస్యంగా వచ్చింది. ముందు వేసి చూసుకునే వ్యవధి లేదు. ఆట మొదలుపెట్టేశాను. ఆరో రీల్లో ఆ కుర్రాడు పడుతుంటే కిందకి చూశాను. మీ అమ్మ స్తంభం పట్టుకుని సగం లేచి నిలబడి ఉంది. నాకేం తోచలేదు. కన్నానికి చెయ్యి అడ్డం పెట్టేశాను. నాలుగు లెక్కపెట్టి తీశాను. అప్పట్నుంచి ఎప్పుడేసినా పెడుతున్నాను."

"మరి నేను కళ్ళు మూసుకుని ఉండేదాన్నని నీకు తెలీదా?" అంది అమ్మ. "నీ వేళ్ళ నీడ పడగానే మూసేసేదాన్ని. నువ్వు చెయ్యి పెట్టకపోయినా నేను చూసేదాన్ని కాదు."

"చీకట్లో మళ్ళీ కళ్ళు మూసుకోవడమెందుకక్కా?"

"చీకట్లోనే ఇంకా బాగా కనబడుతుందిరా."

మామయ్య వదిలేసిన రీలు అంచు పట్టుకుని మళ్ళీ చుట్టడానికి వంగాడు.

"సరే, ఇంతకీ ఏముంది అందులో?" అంది అమ్మ.

మామయ్య లెక్కపెట్టాడు. "నాకూ తెలీదు."

"తొమ్మిదేళ్ళుగా చుట్టేవాడివి, నీకు తెలీదా?"

మామయ్య మళ్ళీ నాలుగు లెక్కపెట్టి, "అక్కడికొచ్చేసరికి అటు తిరిగి చుడతాను," అన్నాడు.

మేనకోడలు బల్ల దగ్గరికి నడిచింది. "రీలు బల్ల మీదే ఉందిగా. దీపానికి పట్టి ఇప్పుడే చూసేద్దాం," అంది.

"వద్దు," అంది అమ్మ. "వేలిగోరంత బొమ్మలో వాణ్ణి చూడను. అందరితోపాటు, టిక్కెట్టు కొనుక్కుని, పెద్దగా చూస్తాను. ఏదైతే అదే." తమ్ముడి చొక్కా బొత్తామొకటి కాజాలోంచి జారివుంటే అలవాటుగా పెట్టింది. "తొమ్మిదేళ్ళనుంచి ఆ కుర్రాడు నాకు పడుతూనే ఉన్నాడురా. ఇప్పుడు మనవాడి ఉత్తరం కూడా లేదు. వాడూ పడుతున్నాడు. ఎక్కడో ఒకచోట నేలకి దించరా వాళ్ళని."

హాలు నిండింది. వాన రోజుల్లో ఇంకెక్కడికి పోతారు. సెలూన్ ఆయన ముందు వరసలో, తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాడు. స్తంభం పక్కన అమ్మ. ఇంటర్వెల్ తర్వాత మేనకోడలు టిక్కెట్ల గది మూసి కేబిన్‌లోకి వచ్చి మామయ్య పక్కన నిలబడింది.

ఆరో రీలు. విమానం గుమ్మంలో పెద్ద టోపీ కుర్రాడు. దూకాడు. వీపు వెనక మెలిపడిన గుడ్డ. మామయ్య కుడి చెయ్యి తనంతట తనే లేచింది. తొమ్మిదేళ్ళుగా వెళ్ళిన దారే కాబట్టి దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. మేనకోడలు దాన్ని గాలిలోనే పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. అది చెమటతో తడిసి, అప్పుడే నీళ్ళలోంచి తీసిన చేపలా కొట్టుకుంది.

"వెయ్యిన్నొకటి," అన్నాడు మామయ్య కళ్ళు మూసుకుని.

తెర మీద వెలుగు అలాగే ఉంది.

"చూడు మామయ్యా," అంది ఆమె. "వెయ్యిన్ని రెండు. కళ్ళు తెరువు."

కుర్రాడి వీపు వెనకనుంచి కాదు, ఛాతీ మీదనుంచి, తెల్లటిదేదో పుట్టింది. జేబురుమాలంత. అది గాలిని కాస్త రుచి చూసి, ఇంకాస్త చూసి, పొద్దున్నే కిటికీ తీసినట్టు ఒక్కసారిగా విచ్చుకుంది. మిగతావాటికన్నా చిన్న గొడుగు. వాణ్ణి జుట్టు పట్టుకుని ఆపినట్టు ఆపింది. తర్వాత ఢాం అని నీళ్ళు. చెరువు. చెరువు నిండా బాతులు. బాతులన్నీ రెక్కలు కొట్టుకుంటూ గోలగోలగా అరుస్తూ లేచాయి. మధ్యలో నడుం లోతున నిలబడి ఆ కుర్రాడు, టోపీ పోయి, నోట్లోంచి నీళ్ళు పిచికారీ కొడుతున్నాడు.

ఆ తర్వాత లారీ మెట్టు మీద సార్జెంటు తల వంచుకుని టోపీ నలుపుతున్నాడు. నలపడం కాదు, నీళ్ళు పిండుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తొమ్మిదేళ్ళుగా ఊరంతా ఏడుస్తున్నాడనుకున్న మనిషి నవ్వుతున్నాడు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ లెక్కపెట్టలేదు గానీ సరిగ్గా నాలుగు క్షణాలు. అప్పుడు ముందు వరసలోంచి, సర్వం పోగొట్టుకున్న గొంతుతో సెలూన్ ఆయన అన్నాడు.

"బాతులా?"

హాలు ఒక్కసారిగా విరగబడి నవ్వింది. నవ్వు కేబిన్ కన్నాల్లోంచి లోపలికొచ్చి రీళ్ళ డబ్బాలని మోగించింది. ఆ నవ్వు మధ్య స్తంభం పక్కన అమ్మ లేచి నిలబడి, ఎవరితోనో అన్నట్టు కాకుండా, మొత్తం హాలుకి చెప్పినట్టు చెప్పింది.

"రెండోది కూడా ఉంటుందన్నమాట."

చెప్పి కూర్చుంది. పక్కావిడ తర్వాత చెప్పింది, ఆట అయ్యేదాకా ఆమె వేళ్ళు కొంగు మీద గాలిలో కాజాలు కుడుతూనే ఉన్నాయట.

నాలుగు రోజులకి వంతెన మీద నీళ్ళు తీశాయి. మొదటి బస్సులో సినిమా పెట్టె వచ్చింది, దానితోపాటే ఉత్తరం వచ్చింది. చిరునామా వాడి చేతిరాత కాదు. మేనకోడలు కవరు చింపబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగు," అంది. తమ్ముణ్ణి తొమ్మిదేళ్ళు వెక్కిరించిన మనిషి, కవరు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ వెయ్యిన్ని నాలుగు దాకా లెక్కపెట్టి, "ఊఁ, ఇప్పుడు," అంది.

ఆస్పత్రి నర్సు రాసిన ఉత్తరం. మీవాడు క్షేమం. ఎడమ కాలికీ కుడి చేతికీ పిండికట్లు, అందుకే రాయలేకపోయాడు. ముందు రాయించడానికి సిగ్గుపడ్డాడు, ఇప్పుడు ఒప్పించానని రాసింది. ఇంకో నెలన్నర మంచం మీదే. కింద ఎడమ చేత్తో, కాళ్ళు విరిగిన అక్షరాల్లో వాడే రాశాడు. "నాలుగు లెక్కపెట్టాను, విచ్చుకోలేదు. రెండోది విచ్చుకుంది. రెండోదొకటి ఉంటుందని నీకెప్పుడూ రాయలేదు, మొదటిది విచ్చుకోదేమోనని కంగారుపడతావని. ఛాతీ మీద కట్టుకుంటామమ్మా."

మేనకోడలు ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదువుకుంది. అమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, ఎన్నో ఏళ్ళ అనుభవమున్నదానిలా, "నాకు తెలుసులే," అంది. "చిన్నదే గానీ కుట్టు గట్టిది." సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ రోజు దర్జీకిచ్చిన చొక్కాల్లో కాజాలు సరిగ్గా బొత్తాలంతే ఉన్నాయి.

ఊరు మాత్రం అంత తేలిగ్గా తేరుకోలేదు. సెలూన్ ఆయన వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గడ్డాలు గీయించుకునేవాళ్ళు కత్తి వంక భయంగా చూసేవాళ్ళు. సబ్బుల ఏజెంటు కథ మార్చి, ఒక టీకి ఎనిమిది బాతులు, రెండు టీలకి పదహారు అన్నాడు గానీ ఎవరూ తాగించలేదు. నలుగురు పెద్దమనుషులు గేటు మనిషి దగ్గరికొచ్చి, "పైన ఆయనకి చెప్పి ఆ చెయ్యి మళ్ళీ పెట్టించవయ్యా. చీకట్లోనే బాగుండేది," అని బతిమాలారు.

ఒక సాయంత్రం ఎండ కాసింది. మెట్ల మీద అడుగులు. మూడు మెట్లుండగా ఆగాయి. "వెయ్యిన్నొకటి..." అని మొదలై, ధబ్బుమంది. సున్నం నలుసు ఎండలో మెరుస్తూ, ఊగుతూ, ఎక్కడ వాలాలో ఆలోచించుకుంటూ దిగింది. మేనకోడలు ఈసారి దులుపుకోలేదు.

"మామయ్యా, కూర్చో. ఇవాళైనా నిజం చెప్పు. ఆ లెక్కెందుకు? గొడుగు విచ్చుకోవద్దూ అని మాత్రం అనకు."

ఆయన కిటికీ ఊచలకి ఆనుకుని, తీరిగ్గా నాలుగు లెక్కపెట్టాడు.

"వాడు ఎప్పుడు దూకుతాడో మనకి తెలీదు కదే. పొద్దున్నో, మధ్యాహ్నమో, నేను టీ తాగేటప్పుడో, మీ అత్తయ్య తిట్టేటప్పుడో. ఒక్కడూ అక్కడ గాల్లో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అందుకని నేను రోజంతా లెక్కపెడుతూ ఉంటే, ఏదో ఒకసారి నా నాలుగూ వాడి నాలుగూ కలుస్తాయి. ఆ ఒక్కసారికి ఇద్దరం లెక్కపెట్టినట్టుంటుంది."

ఆమె స్టాంపుని లేపి ప్యాడ్ మీద నిలబెట్టింది. వియ్యంకుడు కుర్చీలోంచి లేచిన మధ్యాహ్నం, అనవసరంగా పోయిన పన్ను, మీగడ కట్టిన టీలు, అన్నీ ఒక్కొక్కటిగా తెల్లగా విచ్చుకుని ఆమె కళ్ళ ముందు దిగుతున్నాయి.

"బాగానే ఉంది," అంది చివరికి. "కానీ వాడిప్పుడు నెలన్నర ఆస్పత్రిలో మంచం మీద పడుకుని ఉంటాడు. దూకడాల్లేవు. మరి ఇందాక ఎవరికోసం లెక్కపెట్టావు?"

మామయ్య అప్పటికే వీధి వైపు తిరిగాడు. ఆగాడు. వెనక్కి చూడకుండానే పెదాలు కదిపాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మంచం దిగాలి కదే," అన్నాడు.